సాల్ట్‌వాటర్ ట్యాంకులో నీళ్ళు ఆవిరైపోవడం: శ్రీకాకుళం ఎండల్లో నా అనుభవం

ఉప్పునీటి అక్వేరియం పెడదామనుకునేవాళ్ళు నన్ను అడిగేదల్లా చేపల రేటెంత, సాల్ట్ ఎక్కడ దొరుకుద్ది, లైట్ ఏది కొనాలి అనే. రోజూ ఆవిరైపోయే నీళ్ళ సంగతి ఎవరూ అడగరు. కానీ మొదటి వేసవంతా నా టైమ్, నా నిద్ర తీసుకున్నది అదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మాది శ్రీకాకుళం టౌన్‌లోనే, మేడ మీద ఇల్లు, మధ్యాహ్నం దాటిందంటే పడమర గోడ కాలిపోతా ఉంటది. ట్యాంకు, దాని కింద క్యాబినెట్‌లో పెట్టిన సంప్ (పై ట్యాంకు నీళ్ళు దిగి, పంప్‌తో మళ్ళీ పైకి వెళ్ళే రెండో ట్యాంకు), రెండూ కలిపి ఓ 200 లీటర్లు. క్లౌన్ ఫిష్ జంట, క్లీనర్ ష్రింప్‌లు, కొన్ని హెర్మిట్ పీతలు, అంతే. పగడాలు పెట్టుకోలేదు, రాతి పగడాలన్నీ మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు.

సంప్ ఉన్న ట్యాంకులో ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, నీళ్ళు ఎంత ఆవిరైనా పైన ట్యాంకులో మట్టం తగ్గదు. నీళ్ళు కిందకి పొర్లే ఓవర్‌ఫ్లో అంచు ఎక్కడుంటే నీళ్ళు అక్కడే నిలబడతాయి, తగ్గేదంతా కింద సంప్‌లో, నీళ్ళు పైకి పంపే రిటర్న్ పంప్ ఉన్న గదిలోనే. హాల్లో కూర్చుని చూస్తే ట్యాంకు నిండుగానే కనిపిస్తది, కింద మాత్రం పంప్ నోటి దగ్గరికి నీళ్ళు దిగిపోయి, గాలి పీల్చుకుని గురగురలాడతా పైన ట్యాంకంతా సన్నటి బుడగలు వదిలేస్తది. అందుకని రిటర్న్ గది అద్దం మీద పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసి, రోజూ పొద్దున్నే లీటరు బాటిల్‌తో ఆ గీత వరకు పోస్తా ఎన్ని బాటిళ్ళు పట్టాయో రాసుకోవడం మొదలెట్టా. మా నాన్న కొన్నాళ్ళు చూసి "ఏటిరా బావూ, రోజూ బిందెడు నీలు పోస్తన్నావు, ట్యాంకు గాని కారిపోతందా?" అన్నారు. కారడం కాదు నాన్నా, గాలికి పోతన్నాయి అన్నాను.

పోయేది నీళ్ళే, ఉప్పు కాదు. మన నౌపడ ఉప్పు మడుల్లో జరిగేదే మన హాల్లోనూ జరుగుద్ది, నీళ్ళు ఎండకి పోతాయి, ఉప్పు మిగిలిపోద్ది. లెక్క చూడండి, 200 లీటర్లలో ఉప్పు 35 పీపీటీ (అంటే వెయ్యి పాళ్ళ నీళ్ళలో 35 పాళ్ళు) ఉందనుకుంటే, రోజుకి 4 లీటర్లు పోతే మర్నాటికి 35.7, అలా ఐదు రోజులు వదిలేస్తే 38.9కి వెళ్ళిపోద్ది. ఉప్పు పెరిగేకొద్దీ, నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ కూడా తగ్గుద్ది. పైగా ఉప్పు శాతం ఒక్కసారిగా మారితే చేపల కన్నా ముందు ష్రింప్‌లే ఇబ్బంది పడతాయి. కాబట్టి పోసేది మంచినీళ్ళే పోయాలి, అదీ కొద్దికొద్దిగా. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి, దాన్ని 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సెట్ చేసుకోండి, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌లో ముల్లుకి గాలి బుడగ అంటుకుంటే రీడింగ్ ఎక్కువ చూపించేస్తది.

ఆ రాసుకున్న పుస్తకం చూస్తే నాకు బాగా నచ్చిన విషయం ఒకటి తెలిసింది. ఎండ ఎక్కువున్న రోజే నీళ్ళు ఎక్కువ పోతాయి అనుకుంటాం కదా, మన దగ్గర అసలు విషయం గాలిది. మే నెలలో సముద్రపు గాలి తగిలిన రోజు ఒళ్ళంతా జిడ్డుకారిపోతున్నా ట్యాంకులో తగ్గేది తక్కువే, ఎందుకంటే గాలిలో అప్పటికే తేమ నిండా ఉంది. అదే పడమటి గాలి తోలి, సముద్రపు గాలి లోపలికి రాకుండా ఆగిపోయి, వడగాలి కొట్టిన రోజు చూడాలి, బాటిల్ మీద బాటిల్ పోస్తానే ఉండాలి. వానాకాలం ముసురు పట్టినప్పుడైతే గీత దగ్గరే ఉండిపోద్ది. చలికాలంలో మాత్రం నేను అనుకున్న దానికంటే ఎక్కువే పోయేది, అప్పుడు గాలి పొడిగా ఉంటది కదా.

వేడి తగ్గించడానికి చిల్లర్ పెడదామంటే దాని ఖర్చు, కరెంటు బిల్లు నాకు కుదరవు, దాని వేడి మళ్ళీ అదే గదిలోకి వదులుతది. క్లిప్ ఫ్యాన్ ఒకటి నీళ్ళ మీదుగా గాలి వీచేలా పెట్టా. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2400 కిలోజౌల్స్ వేడి పట్టుకుపోద్ది, అంటే ఒక కరెంటు యూనిట్‌లో మూడింట రెండు వంతులు. రెండు డిగ్రీలు తేలిగ్గా తగ్గింది. కానీ జిడ్డు రోజుల్లో అదే ఫ్యాన్ అంత పని చెయ్యదు, ఆ రోజుల్లో లైట్ టైమ్ తగ్గించి, కిటికీకి తడి గుడ్డ కాకుండా మందం కర్టెన్ వేస్తా, తడి గుడ్డ వేస్తే గదిలో తేమ ఇంకా పెరుగుద్ది. గ్లాసు మూత పెడితే నీళ్ళు పోవు గాని వేడి కూడా పోదు. అందుకే చేపలు గెంతకుండా వల మూత మాత్రమే ఉంచా.

ఇక ఏ నీళ్ళు పొయ్యాలి అన్నది. "కళింగపట్నం దగ్గరే కదా, సముద్రం నీళ్ళు తెచ్చుకో బావా" అని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. అవి పోస్తే ఉప్పు మీద ఉప్పు వేసినట్టే, పైగా అక్కడ వంశధార కలుస్తది, వరద టైమ్‌లో ఉప్పు ఎంతుంటదో ఎవరూ చెప్పలేరు. మా బోరు నీళ్ళు టీడీఎస్ మీటర్‌లో (నీళ్ళలో కరిగిన పదార్థాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపించేది) 600 చూపించాయి, అవి రోజుకి 4 లీటర్లు పోస్తే నెలకి 70 గ్రాముల పైనే సున్నం, సిలికా, నైట్రేట్ లాంటివి ట్యాంకులో చేరి అక్కడే ఉండిపోతాయి, ఆవిరయ్యేది నీరొక్కటే కదా, తర్వాత నాచు పట్టిందని బాధపడి లాభం లేదు. ఇంట్లో తాగే ఆర్వోలో రుచి కోసం కొంచెం మామూలు నీళ్ళు కలిపే సెట్టింగ్ ఉంటది, అది కట్టేయించి వెనక డీఐ కార్ట్రిడ్జ్ (ఆర్వో దాటి వచ్చిన మిగతా లవణాలని కూడా పట్టేసేది) ఒకటి తగిలించా, ఇప్పుడు మీటర్ సున్నా. ఏసీ నుంచి కారే నీళ్ళు ఉచితమే గాని రాగి కాయిల్స్ మీద నుంచి వస్తాయి, ష్రింప్‌లకి రాగి విషం, వాడొద్దు.

చివరికి ఏటీఓ పెట్టా, అంటే ఫ్లోట్ తగ్గితే చిన్న పంప్ ఆన్ అయ్యి డబ్బాలోంచి నీళ్ళు తోడేది. ఫ్లోట్ రిటర్న్ గదిలోనే ఉండాలి, దాని పైన ఇంకొక సేఫ్టీ ఫ్లోట్ ఉండాలి, నత్త వచ్చి కూర్చుంటే మొదటిది ఇరుక్కుపోద్ది. పైపు కొన నీళ్ళలో మునగకూడదు, మునిగితే సైఫన్ అయ్యి వెనక్కీ ముందుకీ లాగేస్తది. డబ్బా మాత్రం 15 లీటర్లదే పెట్టా, పెద్దది కావాలని కొనలేదు, ఎందుకంటే ఏం పాడైనా డబ్బా మొత్తం ఒలికినా ఉప్పు 32.5 కంటే కిందకి రాదు, సంప్ కూడా పొర్లదు. కరెంటు పోయినప్పుడు పైనుంచి నీళ్ళు కిందకి దిగి మట్టం పెరుగుద్ది కాబట్టి ఏటీఓ దానంతటదే ఆగి ఉంటది, మన కోతలకి ఇది మంచిదే.

అంచుల మీద, ఫ్యాన్ వైర్ మీద తెల్లగా పూతలా ఉప్పు పాకుద్ది, గోటితో గీస్తే పొలుసుల్లా రాలుద్ది. వారానికోసారి ఆర్వో నీళ్ళ గుడ్డతో తుడవాలి, వైర్లన్నీ ప్లగ్ కంటే కిందకి ఒక వంపు తిప్పి పైకి తేవాలి, లేకపోతే ఆ ఉప్పు తడి ప్లగ్ దాకా పోద్ది.

ఊరెళ్ళేటప్పుడు డబ్బా నింపే పని నాన్నకి అప్పగిస్తా. మంచినీళ్ళ డబ్బాకి నీలం మూత, నీళ్ళు మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్ళకి ఎర్ర మూత. మొన్న వేసవిలో పెళ్ళికి పోతే ఫోన్ చేశారు, "పడమటి గాలి తోలీస్తందిరా, డబ్బా అప్పుడే సగానికొచ్చీసింది, నింపీమంటావా?" అని. నీలం మూత నాన్నా అన్నాను. "ఆ మాత్రం నాకు తెల్దేటి, ముందు మీటర్ పెట్టి చూసే పోస్తన్నాను" అన్నారు.