లండన్‌లో నన్నెవరూ ఏమీ అడగలేదు

హీత్రోలో ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఉన్నావిడ బోలెడు ప్రశ్నలు అడిగింది, అంతే, ఆ తర్వాత లండన్ మొత్తం మీద నన్నెవరూ ఏమీ అడగలేదు. అక్కావాళ్ళుండేది హౌన్స్లోలో, ఎయిర్‌పోర్ట్ పక్కనే, విమానాలు ఎంత కిందగా పోతాయంటే వాటి మీద రాసిన పేర్లు చదివేయొచ్చు. అక్కకీ బావకీ ఆఫీసులు, నాకేమో ఇంట్లో కూర్చోబుద్ధి కాదు, సరే తిరిగి రాపో అని ఒక కార్డు చేతిలో పెట్టారు.

ట్యూబ్, అంటే ఇక్కడి భూగర్భ రైలు, 1863లో మొదలైందట, అప్పట్లో సొరంగంలో ఆవిరి ఇంజన్లే నడిచేవట, ఆ పొగలో ఎలా ఎక్కారో మరి. పికడిలీ లైన్ డబ్బాలు పైన వంపుగా ఉంటాయి, పొడుగువాళ్ళు తలుపు దగ్గర మెడ వంచుకుని నిలబడాల్సిందే. నేనెక్కినవాటిలో ఏసీ కూడా లేదు, ఈ విషయంలో మన హైదరాబాద్ మెట్రోనే వంద రెట్లు నయం. కానీ అంతమంది ఉండి కూడా ఒక్క మాట వినపడదు! ఎక్కడిదానివమ్మా, పెళ్ళయిందా, ఏం చదివావు... ఏదీ లేదు. గుంటూరు పిల్లని కదా, మొదట హాయిగానే అనిపించింది, కాసేపయ్యాక ఎవరైనా పలకరిస్తే బావుండు అనిపించింది, రెండూ నిజమే.

బ్రిటిష్ మ్యూజియంకి టికెట్ లేదు, గేటు దగ్గర బ్యాగు చూసి పంపేస్తారు. జనమంతా ఈజిప్టు మమ్మీల చుట్టూ మూగి ఉన్నారు, నేను 33వ గది చివరిదాకా నడిచాను, అక్కడ అద్దాల వెనక మన అమరావతి స్తూపం రాళ్ళు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసుకి చేర్చినవి, 1859లో ఓడెక్కించి లండన్‌కి పంపారు. ఒక పలక మీద స్తూపాన్నే చెక్కారు, సింహాలూ, మొక్కే జనాలూ, అంత సన్నటి పని. మా ఇంటి నుంచి గంట దూరంలో ఉన్న ఊరి రాళ్ళు ఇంత దూరం వచ్చి చూడాలా అని కోపమొచ్చింది, ఎంత బాగా పెట్టారో అని ఇంకోపక్క ముచ్చటేసింది, మొత్తానికి ఆ గదిలోనే చాలాసేపు ఉండిపోయా.

సాయంత్రం థేమ్స్ నది గట్టున నడిచా. సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది, మధ్యాహ్నం ఇసుక కనపడ్డ చోట సాయంత్రానికి గోడ దాకా నీళ్ళు. జూన్ కదా, తొమ్మిదింటికి కూడా ఎండే. ఇక్కడ తొమ్మిదంటే మనకి అర్ధరాత్రి ఒకటిన్నర, అమ్మ నిద్రపోకుండా ఫోన్ చేసి చీకటి పడకముందే ఇంటికెళ్ళు అంటుంది, కెమెరా తిప్పి సూర్యుణ్ణి చూపిస్తే గానీ నమ్మలేదు. అంత పొద్దుపోయాక ఒక్కదాన్నే నడుస్తుంటే వెనక్కి తిరిగి చూసుకోవాలనిపించలేదు, నాకు లండన్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

లండన్ ఐ అనే పెద్ద జెయింట్ వీల్ ఎక్కలేదు, టికెట్ రేటు రూపాయల్లోకి మార్చి చూశాక మనసొప్పలేదు. దాని బదులు బస్సెక్కండి, గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ. టవర్ ఆఫ్ లండన్ కోట దగ్గర 15 నంబరు ఎక్కితే సెయింట్ పాల్స్ చర్చి మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా పోవచ్చు. డబుల్ డెక్కర్ కదా, పై అంతస్తులో ముందు సీటే పట్టుకోండి. దారిలో చెట్టు కొమ్మలు టపటపా అద్దానికి తగుల్తుంటే నేను ప్రతిసారీ తల వంచేశా, పక్కన కూర్చున్న బుడ్డోడు మాత్రం చిప్స్ తింటూ కదిలితే ఒట్టు.