ఇంజిన్ కన్నా ముందు వెనక చక్రం: నా సైకిల్‌కు ఇంజిన్ మార్చిన అనుభవం

సైకిల్‌కు బిగించే చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ పాడైందని చెబితే చాలు, "కొత్తది ఎన్ని సీసీలది తీసుకుంటున్నారు?" అని అడుగుతారు. వెనక చక్రం ఎలా ఉందని అడిగినవారు నాకు ఒక్కరూ తగల్లేదు. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ నేను ఈ మధ్యనే నా సైకిల్‌కు ఇంజిన్ మార్చాను. పాతది దించి కొత్తది ఎక్కించడం ఒక పూట పని. చక్రం మాత్రం నా వారాంతాలను వరసగా తీసుకుంది. అవి వృథా కాలేదని ఇప్పుడు బండి ఎక్కినప్పుడల్లా తెలుస్తోంది.

పాత ఇంజిన్‌ను 80 సీసీ పేరుతో అమ్ముతారు. సిలిండరు వ్యాసం 47 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 38 మిల్లీమీటర్లు. సిలిండరు అడ్డుకోత వైశాల్యాన్ని ఆ దూరంతో గుణించి చూస్తే 66 సీసీ మాత్రమే. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ అరిగి కటకటమని చప్పుడు మొదలైంది. హెడ్ విప్పి, పిస్టన్‌ను వేలితో అదిమి చూస్తే రాడ్‌లో ఉన్న లూజు చేతికే అందింది. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి మళ్లీ సరిగ్గా కూర్చడం ఇంటి పని కాదు, చేయించే ఖర్చుకు కొత్త ఇంజినే వస్తుంది.

ఈసారి 48 సీసీది తీసుకున్నాను. పిస్టన్ కదిలే దూరం అదే 38, సిలిండరు వ్యాసం 40. ఫ్రేముకు పట్టే బోల్టుల కొలతలు రెంటికీ ఒకటే కాబట్టి పాత చోటనే కూర్చుంటుంది. టెక్సస్ చట్టం మోపెడ్‌కు పెట్టిన 50 సీసీ హద్దు లోపల ఉండటం ఇంకొక లాభం. లైసెన్సు, రిజిస్ట్రేషన్ సంగతులు రోడ్డెక్కకముందే తేల్చుకోవాలి, రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మన దేశంలో ఇదే పని చేయాలనుకునేవారు గమనించాలి: మోటారు వాహనాల చట్టం 25 సీసీ మించని ఇంజిన్ ఉన్న ద్విచక్రాలను మాత్రమే మోటారు వాహనం నిర్వచనం నుంచి తప్పించింది. అయితే నన్ను చిన్న ఇంజిన్ వైపు నడిపించిన అసలు కారణం వెనక చక్రమే.

ఈ ఇంజిన్లతో పాటు వచ్చే సామాను చూడండి. వెనక చక్రానికి ఎడమవైపు బిగించే పళ్లచక్రానికి హబ్బుతో, అంటే చక్రం నడిమి బొడ్డుతో, సంబంధమే ఉండదు. పుల్లలకు (స్పోకులకు) లోపల ఒక రబ్బరు బిళ్ల, బయట ఒక రబ్బరు బిళ్ల పెట్టి, తొమ్మిది బోల్టులతో పుల్లల మధ్యనుంచి బిగిస్తారు. ఇంజిన్ లాగే బలమంతా పుల్లల నడుం మీద పడుతుంది. పుల్ల నిలువుగా లాగితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది, పక్కకు వంచితే ఓర్చుకోదు. రబ్బరు నలిగేకొద్దీ బోల్టులు వదులవుతాయి, పళ్లచక్రం వంకర తిరుగుతుంది, గొలుసు ఒకసారి బిగుసుకుని ఒకసారి వేలాడుతుంది. ఆ కుదుపులు మళ్లీ పుల్లలకే చేరతాయి. నా పాత చక్రంలో హబ్బు దగ్గర మెడ వంపులో తెగిన పుల్లలన్నీ ఈ ఎడమవైపువే.

అందుకే ఈసారి పళ్లచక్రాన్ని హబ్బుకే పట్టించాను. రెండు ముక్కల అల్యూమినియం పట్టీ హబ్బును చుట్టూ కరిచిపట్టుకుంటుంది, పళ్లచక్రం దానికి బిగుస్తుంది. కొనేముందు హబ్బు వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవాలి. కొంచెం తేడా ఉన్నా పట్టీ జారుతుంది.

చక్రాన్ని మొదటినుంచి అల్లాను. మామూలు సైకిల్‌కు వచ్చే పుల్లలు 14 గేజి, అంటే 2 మిల్లీమీటర్ల మందం. నేను 12 గేజివి, 2.6 మిల్లీమీటర్లవి వేశాను. ఇవి మామూలు హబ్బు రంధ్రాల్లో దూరవు కాబట్టి ఆ గేజికే చేసిన 36 రంధ్రాల హబ్బు, రెండు గోడల రిమ్ము తెప్పించాను. లావు పుల్లలు వేయగానే పని అయిపోయిందనుకోకూడదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో 26 అంగుళాల చక్రం నిమిషానికి దాదాపు 240 సార్లు తిరుగుతుంది. నేలకు దగ్గరగా వచ్చిన పుల్ల ప్రతి చుట్టులోనూ కొంత వదులై, పైకి వెళ్లాక మళ్లీ బిగుస్తుంది. తగినంత బిగువు ఉన్న పుల్లకు ఇది లెక్కలోది కాదు. బిగువు లేని పుల్ల పూర్తిగా వదులై, ప్రతిసారీ మెడ దగ్గర ఆడి, అక్కడే తెగుతుంది. పుల్ల లావుకన్నా అన్ని పుల్లల బిగువు సమంగా ఉండటమే ముఖ్యం.

ఈ విషయం నాకు పుస్తకాలకన్నా ముందు మా నాన్నగారు చెప్పారు. ఆయన గుడివాడలో చాలాకాలం సైకిల్ షాపు నడిపారు. చక్రం అల్లుతున్నానని చెప్పగానే ఫోనులో వీడియో పెట్టమన్నారు.

"బెండు తీయడం తరవాత సంగతిరా. ముందు ఒక్కొక్క పుల్లనూ వేలితో మీటు, నేను వింటాను."

మీటాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "అదిగో, అది మొద్దుగా పలికింది. దాని పక్కది మరీ కీచుగా ఉంది. ఒక వైపు పుల్లలన్నీ ఒకే గొంతు పలకాలి నాయనా."

బిగువు కొలిచే మీటరు నా దగ్గర ఉంది. ఆయన మొద్దుగా ఉందన్న పుల్ల మీద పెట్టి చూస్తే ముల్లు మిగతావాటికన్నా బాగా కింద నిలిచింది. అప్పటినుంచి ఆయన చెవితో, నేను మీటరుతో పని సాగించాం. మొదట ఎగుడుదిగుడు, ఆ తరవాత పక్కల ఊపు, మళ్లీ ఎగుడుదిగుడు. ఎడమకు రావాలంటే ఎడమవైపు నిప్పిల్ (రిమ్ము దగ్గర పుల్లను బిగించే చిన్న నట్టు) పావు చుట్టు బిగించి, కుడివైపుది పావు చుట్టు వదలాలి. తొందరపడి ఒకేచోట సగం చుట్టు తిప్పితే అవతల ఇంకొక వంకర పుడుతుంది. మధ్యమధ్య పుల్లలను జతలుగా గుప్పిట పట్టి గట్టిగా నొక్కాలి. టక్కుటక్కుమంటూ మెడలు హబ్బులో సర్దుకుంటాయి, మెలికలు విడిపోతాయి. చాలామంది వదిలేసే పని ఇది, దీన్ని వదిలేస్తే మొదటి పది కిలోమీటర్లలోనే చక్రం మళ్లీ వంకర పోతుంది. పక్కల ఊపు అర మిల్లీమీటరు లోపుకు వచ్చేదాకా నాన్నగారు ఒప్పుకోలేదు.

ఇంజిన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పెట్రోలు కట్టేసి, ప్లగ్గు వైరు, కార్బొరేటర్, క్లచ్ కేబుల్ విప్పి, గొలుసు జోడు లింకు తీసి, నాలుగు నట్లు వదిలిస్తే పాతది చేతిలోకి వస్తుంది. కొత్తది బిగించేటప్పుడు ఫ్రేముకూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు పెట్టలేదు. రబ్బరు ఉంటే ఇంజిన్ ఊగుతుంది, ఊగితే బోల్టులు తెగుతాయి. లోహం లోహానికే ఆనాలి. కొత్త ఇంజిన్ కుదురుకునే మొదటి దశలో లీటరు పెట్రోలుకు 62 మిల్లీలీటర్ల ఆయిల్, అంటే 16కు 1 పాళ్లు. చిన్న ఇంజిన్‌కు తగ్గట్టు 44 పళ్ల చక్రం బదులు 48 పళ్లది వేశాను. ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగేటప్పుడు వేగం గంటకు 34 నుంచి 31 కిలోమీటర్లకు దిగింది. ఆ మూడు కిలోమీటర్లు నాకు అక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం ఎవరికైనా గట్టిగా చెబుతాను. గొలుసు బిగువుకోసం కిట్‌లో ఇచ్చే చిన్న రోలరును వెనక ఫ్రేము గొట్టానికి పట్టీతో బిగిస్తారు. ఆ పట్టీ తిరిగిపోతే రోలరు నేరుగా పుల్లల్లోకి వెళ్తుంది, నడుస్తున్న చక్రం అక్కడే బిగుసుకుపోతుంది. నా ఫ్రేములో ఇరుసు గాడి అడ్డంగా, పొడుగ్గా ఉంది. గొలుసును కావలసిన పొడవుకు తెంపి, ఇరుసును వెనక్కి జరిపి, రోలరు లేకుండానే సరిచేశాను. నొక్కితే 12 మిల్లీమీటర్ల వరకు కుంగితే చాలు.

టైర్లకు మందం ట్యూబులు వేయక తప్పలేదు. ఇక్కడి దారుల పక్కన మన పల్లేరు కాయలే కాస్తాయి, ఆ మొక్కే, ఆ ముళ్లే.

మొదటి ప్రయాణం అయ్యాక ఇంజిన్ చల్లారేదాకా ఆగి హెడ్ నట్లు, ఫ్రేము నట్లు, హబ్బు పట్టీ బోల్టులు మళ్లీ చూశాను. హెడ్ నట్లు కొద్దిగా తీసుకున్నాయి. చక్రాన్ని తిరగేసి పుల్లలు మీటితే ఎడమవైపు రెండు కాస్త దిగాయి, పావు చుట్టు చొప్పున బిగించాను. నాన్నగారు ఇప్పుడు ముందు చక్రం కూడా వినిపించమంటున్నారు.