సాకు అంటే సాకు కాదు

బెంగళూరు వచ్చిన మూడో వారంలోనే పెద్ద తిట్లు పడ్డాయి నాకు. ఉపగ్రహం వైపు తిప్పే 7.2 మీటర్ల డిష్ వెనకాల నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పుతున్నాను. సిగ్నల్‌ను తెర మీద చూపించే ఎనలైజర్ ముందు కూర్చున్న మా మేస్త్రి "సాకు, సాకు" అని అరుస్తున్నాడు. ఆయనది హాసన్. నాకప్పటికి కన్నడంలో టీ అడగడం మాత్రమే వచ్చు. సాకు అంటే మనకు వంక కదా, నేను పని ఎగ్గొట్టడానికి వంకలు పెడుతున్నానని అంటున్నాడు కాబోలు అనుకుని ఉక్రోషంతో ఇంకా గట్టిగా తిప్పాను. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకునేసరికి డిష్ అర డిగ్రీ దాటిపోయింది. కన్నడంలో సాకు అంటే చాలు అని అర్థం.

అర డిగ్రీ అంటే వినడానికి ఏమీ కాదు. మేం వాడే కేయూ బ్యాండ్ ఫ్రీక్వెన్సీల్లో ఆ డిష్ చూపు వెడల్పే పావు డిగ్రీ. తెర మీద నిటారుగా నిలబడ్డ సూది లాంటి సిగ్నల్ మాయమై అడుగున గడ్డిలా కనిపించే రొద మాత్రం మిగిలింది. మళ్లీ వెతికి పట్టేసరికి గంట దాటింది. పైగా ఈ ఊరి నుంచి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న ఉపగ్రహాన్ని చూడాలంటే డిష్ దాదాపు నడినెత్తికి తిరిగి ఉండాలి, 73 డిగ్రీల పైమాటే. మెడలు పట్టేస్తాయి.

మాది మార్కాపురం దగ్గర. పలకల ఊరు. నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు, సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిద రంగు పొడి ఉండేది. నేను డిప్లొమా అయ్యాక 2011లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేశాను. పీణ్యా పారిశ్రామికవాడలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర, ఉపగ్రహాలతో మాట్లాడే ఎర్త్ స్టేషన్లు నిలబెట్టే పని. అప్పుడు తుమకూరు రోడ్డు పొడుగునా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, దుమ్ములో నాకు మా ఊరే గుర్తొచ్చేది. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను ఈ పీణ్యాలోనే రేకుల షెడ్లలో తయారుచేశారని, 1975 ఏప్రిల్‌లో అది పైకి వెళ్లిందని మేస్త్రి చెప్తే మొదట నమ్మలేదు. పక్క షెడ్డులో బోల్టులు చేస్తున్నారు, ఎదురు షెడ్డులో పౌడర్ కోటింగ్. వీటి మధ్య ఉపగ్రహమా అనుకున్నాను. తర్వాత నిజమేనని తెలిసింది.

ఇంటి దగ్గర మాత్రం నా ఉద్యోగం పేరు "డిష్ పని". పెళ్లిచూపుల్లో పిల్ల మేనమామ సూటిగా అడిగాడు, "అంటే కేబులా?" అని. కాదండీ అని మొదలుపెట్టి బీకన్ రిసీవర్ దాకా వెళ్లాను. ఆయన ఓపికగా విని, "అదేలే, డిష్షే కదా" అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. అమ్మ ఇప్పటికీ సంక్రాంతికి నేను రాగానే నిచ్చెన తెచ్చి గోడకు ఆనిస్తుంది.

ఆ మేనమామకు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. బీకన్ అంటే ఉపగ్రహం రాత్రీ పగలూ పంపే ఒక సన్నని శ్రుతి. అందులో పాట ఉండదు, మాట ఉండదు. నేనిక్కడున్నాను అని చెప్పడమే దాని పని. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం కదలకుండా నిలబడుతుందని చదువుకున్నాం గానీ, అది కదులుతూనే ఉంటుంది. తన చోటికి 0.1 డిగ్రీ లోపల అది ఉండేలా చూస్తుంటారు, ఆ కాస్త జాగాలోనే రోజుకొకసారి మెల్లగా తిరిగి వస్తుంది. మేడ మీది చిన్న డిష్‌కి ఆ కదలిక లెక్కలోకి రాదు, దాని చూపు మూడు డిగ్రీల వెడల్పు. ఏడు మీటర్ల డిష్‌కి మాత్రం వెంట తిరగక తప్పదు. బీకన్ ఎంత బలంగా వస్తోందో రిసీవర్ కొలిచి ఓల్టుల్లో చెప్తుంది. డిష్‌ని నడిపే కంట్రోలర్ ఆ ఓల్టులు చూసుకుంటూ ఒక అడుగు అటు వేస్తుంది, పెరిగిందా సరే, తగ్గిందా వెనక్కి. చీకట్లో గోడ తడుముతూ స్విచ్ వెతుక్కున్నట్టు. అదే ఓల్టుల తీగ మరో పెట్టెకీ వెళ్తుంది. వాన పడి బీకన్ తగ్గితే ఆ పెట్టె మనం పైకి పంపే పవర్‌ను ఆ మేరకు పెంచుతుంది.

రిసీవర్ మెనూలో ఇన్‌స్టలేషన్ అని ఒక పేజీ ఉంటుంది. మొదటి రోజు నింపి, పాస్‌వర్డ్ పెట్టి మూసేస్తాం. తర్వాత ఏళ్ల తరబడి ఎవరూ దాని ముఖం చూడరు. నా పదమూడేళ్ల అనుభవంలో పెద్ద గొడవలన్నీ ఆ పేజీలో పుట్టినవే.

డిష్ మూతి దగ్గర సిగ్నల్‌ను పెంచి, ఫ్రీక్వెన్సీ కిందికి దించే పెట్టె ఎల్‌ఎన్‌బీ. దానికి కరెంటు ఎవరిస్తున్నారన్నది మొదటి ప్రశ్న. డిష్ నుంచి వచ్చే ఒకే కేబుల్‌ను స్ప్లిటర్‌తో మూడు నాలుగు పెట్టెలకు పంచుతాం. అందులో ఒక్క పెట్టె మాత్రమే కరెంటు ఇవ్వాలి, స్ప్లిటర్‌లో కూడా కరెంటు దాటే దారి ఒక్కటే ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ జరగకుండా పట్టి ఉంచే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ సంగతీ ఇంతే. ఇద్దరు ఇస్తే తగాదా, ఎవరూ ఇవ్వకపోతే నిశ్శబ్దం. తర్వాత లోకల్ ఆసిలేటర్ అంకె, ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీని దించడానికి వాడేది. ఎల్‌ఎన్‌బీ మీద స్టిక్కర్ చూసి వేయాలి, గుర్తున్నది వేయకూడదు. సీ అనే ఇంకో బ్యాండ్‌లో అయితే 5,150 మెగాహెర్ట్జ్‌లోంచి వచ్చే ఫ్రీక్వెన్సీని తీసేయాలి, 3,700 దగ్గర ఉన్నది రిసీవర్‌లో 1,450 దగ్గర కనిపిస్తుంది. లెక్క తలకిందులు కాబట్టి పైన అది పెరిగితే ఇక్కడ తగ్గుతుంది. కేయూలో ఈ తిరకాసు లేదు. 11,450 లోంచి 9,750 తీస్తే 1,700, అంతే.

అసలు చిక్కంతా సెర్చ్ రేంజ్ దగ్గర. బీకన్ కోసం ఎంత వెడల్పున వెతకాలో చెప్పే అంకె అది. చౌకరకం ఎల్‌ఎన్‌బీ ఎండకు ఒక చోట, చలికి ఒక చోట ఉంటుంది. కొన్ని వందల కిలోహెర్ట్జ్ జరిగిపోతుంది. రేంజ్ ఇరుకుగా పెడితే రాత్రికి బీకన్ బయటికి జారిపోతుంది. వెడల్పుగా పెడితే పక్కింటివాడు దొరుకుతాడు.

2013 డిసెంబరులో నాకు పక్కింటివాడే దొరికాడు. దేవనహళ్లి దారిలో ఒక కస్టమరు స్టేషన్. మేస్త్రి వేరే సైటులో ఉంటే మొదటిసారి ఒక్కడినే వెళ్లాను. పదకొండు గంటల ఎండలో అంతా అమర్చి, ఎందుకైనా మంచిదని సెర్చ్ రేంజ్ అటూ ఇటూ ఒక మెగాహెర్ట్జ్ పెట్టాను. రిసీవర్‌కు సిగ్నల్ చిక్కి లాక్ పడింది, పచ్చ లైటు వెలిగింది. ఫొటో తీసి పంపి, ఎంటీఆర్ దోసె తిన్నంత సంబరంగా జాలహళ్లి రూముకొచ్చి పడుకున్నాను.

రాత్రి రెండు దాటాక ఫోను. ఉపగ్రహాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ల కంట్రోల్ రూము నుంచి కస్టమరుకు, కస్టమరు నుంచి మా ఓనరుకు, ఓనరు నుంచి నాకు. "మీ స్టేషన్ పవర్ అనుమతించినదాని కంటే పైకి పోతోంది, పక్కవాళ్ల సిగ్నళ్లు, అంటే క్యారియర్లు, దెబ్బతింటున్నాయి, వెంటనే తగ్గించండి" అన్నది దాని సారాంశం. ఆకాశంలో మబ్బు తునక లేదు. వానే లేనప్పుడు పవర్ ఎందుకు పెరగాలి? సైటులో ఉన్న గార్డుకు ఫోనులోనే చెప్పి ట్రాన్స్‌మిట్ ఆపించాం. మేస్త్రి తన స్కూటరు మీద నన్ను ఎక్కించుకున్నాడు. ఆ చలి ఇప్పటికీ మోకాళ్లలో ఉంది.

వెళ్లేసరికి పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. "లాక్ ఉంది కదన్నా" అన్నాను. ఆయన టోపీ తీయకుండానే, "యావుదక్కె లాక్ ఆగిదె?" అన్నాడు. దేనికి లాక్ అయిందట. నాకు కోపం వచ్చింది. డిష్‌ని కొంచెం పక్కకు తిప్పి చూపించాను, లెవెల్ పడిపోయింది. వెనక్కి తెచ్చాను, పెరిగింది. ఆకాశం నుంచే వస్తోంది, మన ఉపగ్రహమే, ఇంకేం కావాలి? ఆయనేమీ మాట్లాడకుండా ఎనలైజర్ కేబుల్ తగిలించాడు. తెర మీద సూది ఉండాల్సిన చోట పొట్టిగా, వెడల్పుగా, వచ్చిపోతున్న గుట్ట ఒకటి. దానికి అర మెగాహెర్ట్జ్ అవతల మన సూది ఒంటరిగా నిలబడి ఉంది.

జరిగింది ఏమిటంటే, సాయంత్రం కరెంటు పోయి జనరేటరు మీదికి మారే క్షణంలో రిసీవర్ ఆరిపోయి మళ్లీ వెలిగింది. మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టింది. చలికి ఎల్‌ఎన్‌బీ జరిగింది, బీకన్ నేను చెప్పిన చోట లేదు. నేనిచ్చిన వెడల్పులో ముందు తగిలింది ఎవరిదో చిన్న వీశాట్ డిష్ పంపే క్యారియర్. అదే బీకన్ అనుకుని పట్టుకుంది. అదీ అదే ఉపగ్రహం నుంచి వస్తోంది కాబట్టి నా డిష్ తిప్పుడు పరీక్ష కూడా పాసైపోయింది. ఆ క్యారియరేమో పనున్నప్పుడే మాట్లాడుతుంది. అది ఆగిన ప్రతిసారీ లాక్ పోయేది. లాక్ పోతే ఓల్టులు ఏం చేయాలి అన్న సెట్టింగ్‌ను నేను ముట్టుకోలేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు సున్నాకు పడిపో అని ఉంది. సున్నా అంటే పవర్ పెట్టెకు కుంభవృష్టి. పాపం, అది తన శక్తి కొద్దీ పెంచింది. మోటార్లు రాత్రంతా తిరిగి గేర్ల గ్రీజు వేడెక్కింది.

మేస్త్రి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రేంజ్ 150 కిలోహెర్ట్జ్‌కి కుదించి, ఎనలైజర్‌లో కనిపించిన అంకెనే ఫ్రీక్వెన్సీగా వేయించాడు. లాక్ పోతే చివరి ఓల్టు దగ్గరే ఆగు అని మార్పించాడు. స్లోపు కూడా రెండువైపులా సరిచూడమన్నాడు, సిగ్నల్ బలం కొలిచే ఒక్కో డీబీకి రిసీవర్ అర ఓల్టు ఇస్తుంటే అవతలి పెట్టె కూడా అలాగే అనుకోవాలి, లేకపోతే మూడు డీబీల వాన ఆరు డీబీలై కూర్చుంటుంది. వారం తర్వాత రిఫరెన్స్‌కి కట్టుబడే ఎల్‌ఎన్‌బీ వచ్చింది, రేంజ్ ఇంకా తగ్గించాం. నిర్మలాకాశం లెవెల్ అన్న గడి మాత్రం ఆయన ఖాళీగా వదిలేయించి, మబ్బులేని రోజు మళ్లీ వచ్చి నింపించాడు. ఆ నెల నాకు ఓవర్‌టైం డబ్బులు రాలేదు. ఇంగ్లీషులో రిపోర్టు రాయడానికి రెండు రాత్రులు పట్టింది, అది అసలు శిక్ష.

తెల్లారి టీ కొట్టు దగ్గర ఆయన "ఊట మాడిద్యా?" అన్నాడు. అన్నం తిన్నావా అని. మొదట్లో ఈ మాటకూ నేను బిత్తరపోయేవాణ్ని. మన ఊట చెలమలో ఊరుతుంది, మన మాడు గిన్నె అడుగున అంటుకుంటుంది. తిండి అంటే మనకు మొత్తం భోజనం, వాళ్లకు పొద్దుటి టిఫిను. రాని భాష అయితే జాగ్రత్తగా ఉంటాం. తమిళం వింటే అర్థం కాలేదని తెలిసిపోతుంది, మళ్లీ అడుగుతాం. కన్నడంతోనే చిక్కు. లిపి దగ్గరిది, సగం మాటలు మనవే, పైగా ఇంటి ఓనరమ్మ కోలారు తెలుగులో పలకరిస్తుంది. అర్థమైందనే ధీమాలో పక్క క్యారియర్‌కి లాక్ అయిపోతాం.

ఇంకో తమాషా మార్చిలోనూ సెప్టెంబరు చివరా వస్తుంది. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, కొన్ని నిమిషాలు రొద తప్ప ఏమీ వినపడదు. ఆ కాసేపూ రిసీవర్ రొదనే సిగ్నల్ అనుకుంటే డిష్ సూర్యుడి వెంట నడిచిపోతుంది. అందుకని ఆ రోజుల్లో ట్రాకింగ్ ఆపేసి, టైము చూసుకుని, డబ్బా తెరిచి పెరుగన్నం తింటాం.

మేస్త్రి రిటైరై హాసన్ వెళ్లిపోయాడు. ఆ ఊళ్లోనే ఇన్శాట్ ఉపగ్రహాలను నడిపే మాస్టర్ కంట్రోల్ ఫెసిలిటీ ఉంది, 1982 నుంచి. ఆయనకు దాంతో ఏ సంబంధమూ లేదు, కాఫీ మొక్కలు చూసుకుంటున్నాడు. ఇప్పుడు ఎనలైజర్ ముందు కూర్చునేది నేను. పోయిన నెల శ్రీకాకుళం వైపు నుంచి ఒక కుర్రాడు చేరాడు. సార్ సార్ అంటుంటే అన్నా అనమన్నాను. మొన్న వాడు హ్యాండిల్ తిప్పుతున్నాడు, తెర మీద సూది నిండుగా లేచింది. నాకు తెలియకుండానే నోట్లోంచి "సాకు, సాకు" అని వచ్చింది. వాడు ఇంకో రెండు చుట్లు బలంగా తిప్పి, చెమట తుడుచుకుంటూ నావైపు చూశాడు.

"నానేటి సాకులు సెప్పినానన్నా?"