కంటికి కనబడని దుమ్ము

కంకర క్రషర్లకి దుమ్ము కొలవడానికి వెళ్తే మొదట వినిపించే మాట, "ఇవాళ దుమ్ము పెద్దగా లేదు సార్, నీళ్లు కొట్టించాం." నిజమే, దారంతా తడిపి ఉంటుంది, లారీ వెళ్లినా పైకి లేవదు. కానీ కంటికి కనబడే రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. ఊపిరితిత్తుల చివరిదాకా దిగేవి సుమారు 4 మైక్రాన్లు, అంతకన్నా సన్నవి. తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు, గాలిలో అలా తేలుతూనే ఉంటాయి.

అందుకే పనిచేసే మనిషి కాలర్‌కే చిన్న సైక్లోన్ తగిలిస్తాం, అంటే సన్న దుమ్మునీ లావు దుమ్మునీ వేరుచేసే చిన్న పరికరం, గాలి లాగడానికి నడుముకి పంపు. లోపల గాలి సుడి తిరుగుతుంటే బరువైన రేణువులు గోడకి కొట్టుకుని కింద పడిపోతాయి, సన్నవి మాత్రం ఫిల్టర్ మీదకి చేరతాయి. నిమిషానికి 2.2 లీటర్ల చొప్పున 8 గంటలు నడిస్తే ఒక ఘనపు మీటరు గాలి కాస్త దాటుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ 2016లో పెట్టిన పరిమితి ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాముల సిలికా (రాతి దుమ్ములో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఖనిజం), అంటే షిఫ్టంతా కలిపి ఆ ఫిల్టర్ మీద ఇంచుమించు ఒక్క ఉప్పు రవ్వంత!

నాకు టెన్షన్ అంతా తూకం దగ్గరే. ఫిల్టర్ కాస్త తేమ పీల్చినా, స్టాటిక్ కరెంటు పట్టినా అంకె మారిపోతుంది. అందుకే వాడని ఖాళీ ఫిల్టర్లు కూడా వెంట తీసుకెళ్లి, తెచ్చి, వాటినీ తూస్తాను; వాటి బరువు మారితే ఆ తేడా దుమ్ముది కాదని తెలుస్తుంది. పంపు వేగం తగ్గితే ఇంకో చిక్కు, సైక్లోన్ లావు రేణువుల్ని కూడా పైకి వదిలేస్తుంది. ఆ శాంపిల్ పారేసి మళ్లీ ఇంకో రోజు వెళ్లాల్సిందే.

మొన్న పంపు కట్టిన డ్రిల్లర్ అన్న ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. "ఇది చాలదా సార్?" అన్నాడు. "చాలదు అన్నా, సన్న దుమ్ము అందులోంచి వెళ్లిపోతుంది," అన్నాను. సిలికా దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ జబ్బుతో గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్లీ మామూలు చేసే మందు లేదు, అది కూడా చెప్పాను, చెప్పడానికి నోరు రాకపోయినా. నీళ్లు పడాల్సింది దారి మీద మాత్రమే కాదు, డ్రిల్ బిట్ రాయిని తాకే చోట, దుమ్ము పుట్టే చోట. ట్యాంకు నుంచి అక్కడికి ఒక పైపు లాగితే సరిపోయేది. రిపోర్టులో మొదటి లైనుగా అదే రాశాను. వచ్చే నెల మళ్లీ వెళ్లి, అదే అన్నకి పంపు కట్టి కొలుస్తాను.