జాయింట్ ఎక్కడుంది?

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి మనవాళ్లు ఒక సిలబస్ ఖాయం చేసేశారు. నయాగరా, టైమ్స్ స్క్వేర్, దగ్గర్లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి, మాలాగా మిడ్‌వెస్ట్‌లో ఉండేవాళ్లకైతే చికాగో బీన్, అంటే అక్కడి మిలీనియం పార్కులో చిక్కుడుగింజ ఆకారంలో ఉండే పెద్ద స్టీలు శిల్పం. ఆ మెరిసే గింజ ముందు చలికోటు, స్పోర్ట్స్ షూస్ వేసుకుని నిలబడిన ఫోటో స్టేటస్‌లో పడకపోతే వీసా ఫీజు దండగైనట్టే లెక్క. నాకు మొదట్నుంచీ ఆ బీన్ అంటే చిరాకు. అద్దంలో మొహం చూసుకోడానికి మూడు గంటలు డ్రైవ్ చేయాలా అనిపించేది. దానికి తోడు 2023 డిసెంబర్‌లో అత్తామామల్ని తీసుకెళ్తే చుట్టూ కంచె. ప్లాజా పనుల కోసం ఆ ఏడు ఆగస్టులో మూసి, మళ్లీ 2024 జూన్‌లో గానీ తెరవలేదు. నేనే ముందు చూసుకోలేదు, తప్పు నాదే, అయినా కోపం మాత్రం బీన్ మీదే మిగిలిపోయింది.

ఈసారి అక్టోబర్‌లో మా అమ్మానాన్నల వంతు. ఇండియానాపొలిస్ నుంచి ఐ-65 హైవే దారి మీకు తెలిసిందే, మొక్కజొన్న చేలు, గాలిమరలు, మళ్లీ మొక్కజొన్న చేలు. పొద్దున ఆరింటికి బయల్దేరితే గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎనిమిదికల్లా చికాగోలో ఉన్నాం. పార్కు కిందే ఉన్న గరాజ్‌లో కారు పెట్టాను. నలభై చిల్లర డాలర్లు. మా అమ్మ వెంటనే రూపాయల్లోకి మార్చి, "మూడున్నర వేలా? కారు పెట్టుకున్నందుకే?" అని అక్కడే నిలబడిపోయింది. ఈ కోపం మధ్యాహ్నం దాకా తగ్గలేదు. పులిహోర తెచ్చుకుని మంచిపని చేశామని మాత్రం నాలుగుసార్లు అంది.

మా నాన్న గురించి కొంచెం చెప్పాలి. బాలానగర్‌లో ముప్పై ఏళ్లు ఫ్యాబ్రికేషన్ చేసిన మనిషి. ఫార్మా కంపెనీలకి స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు, ట్యాంకులు. మొదట వెల్డరు, తర్వాత ఫోర్‌మన్, చివరికి ఒక చిన్న షెడ్డు సొంతంగా. నా చిన్నప్పుడు ఆయన చొక్కాకి ఎప్పుడూ బఫింగ్ సోప్ వాసన వచ్చేది, స్టీలుని అద్దంలా పాలిష్ చేయడాన్ని బఫింగ్ అంటారు. ఇంట్లో స్టీలు గిన్నె కొంటే లోపల వేలు పెట్టి రాసి చూసి గానీ వాడనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి ఈ బీన్ చూపిస్తున్నానన్న ఆలోచన, నిజం చెప్తున్నాను, అక్కడికి వెళ్లేదాకా నాకు తట్టలేదు. "ఇక్కడ నిలబడండి నాన్నా, ఫోటో తీస్తా" అని వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు.

ఆర్చి కిందికి వెళ్లి, అరచెయ్యి స్టీలుకి ఆనించి, మెల్లగా జరుపుకుంటూ నడుస్తున్నాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్లద్దాలు తీసి చూస్తున్నాడంటే పని చూస్తున్నాడని అర్థం.

"అమ్మాయ్, జాయింట్ ఎక్కడుంది?"

"ఏం జాయింట్ నాన్నా?"

"ఇది ఒక్క ముక్కతో అయ్యే పని కాదు కదమ్మా. ప్లేట్లు కలిపి ఉండాలి. వెల్డింగ్ గీత ఎక్కడా చేతికి తగలట్లేదు."

అప్పుడు ఫోన్ తీసి చదివి చెప్పడం మొదలుపెట్టాను. 168 ప్లేట్లు. ఒక్కోటి దాదాపు సెంటీమీటరు మందం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో కంప్యూటర్ సాయంతో వంచి, లారీల మీద ఇక్కడికి తెచ్చి, ఇక్కడే కలిపారు. ముందు అక్కడే మొత్తం చేసేసి, పనామా కాలువ మీదుగా ఓడలో తెద్దామనుకున్నారట. "ఓడీసీ లోడు" అన్నాడు నాన్న వెంటనే, మామూలు కొలతలు దాటిన సరుకుని అలా అంటారు, "మనం వైజాగ్‌కి ట్యాంకు పంపినప్పుడు కరెంటు తీగలు ఎత్తించుకుంటూ వెళ్లలేదూ, దానికే తల ప్రాణం తోకకి వచ్చింది." పార్కు 2004 జూలైలో మొదలైపోయింది, బీన్ మాత్రం పూర్తి కాలేదు, అతుకుల గీతలు కనపడుతుండగానే జనానికి చూపించేశారు, తర్వాత టెంటు కట్టి ఆ గీతలన్నీ అరగదీసి పాలిష్ పెట్టారు, అధికారికంగా అప్పగించింది 2006 మే నెలలో. రెండేళ్లు లేటు. "మాకైతే ఎల్‌డీ కట్ చేసేవాళ్లు" అన్నాడు, లేటుకి వేసే జరిమానా అది, కానీ ఆ గొంతులో విమర్శ లేదు. ఖర్చు 60 లక్షల డాలర్లు అనుకున్నది 2 కోట్ల 30 లక్షలకి చేరిందని చదివితే మాత్రం ఆగిపోయి నా వైపు చూశాడు. ఇప్పటి రేటులో 190 కోట్ల రూపాయల పైమాటే. "కొటేషన్ ఎవరేశారమ్మా?"

బరువు కూడా అంతే. 60 టన్నులవుతుందనుకుంటే 110 అయింది (అమెరికా టన్నులు, మన లెక్కలో నూరు). దాని కింద రెస్టారెంటు ఉంది, ఇంకా కింద మనం కారు పెట్టుకున్న గరాజ్. అమ్మ ఇది విని, "ఆ మూడున్నర వేలు ఇందుకేనేమో" అంది.

నాన్నకి అసలు మతిపోయింది లోపలి సంగతికి. ప్లేట్లని లోపలి చట్రానికి బిగదీసి పట్టుకోలేదు, కాస్త కదిలే వీలుతో తగిలించారు, చికాగో చలికి ముడుచుకున్నా ఎండకి సాగినా తొక్క మీద ఒత్తిడి పడకుండా. ఇది చెప్పగానే ఆయన అక్కడే నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. నిజంగానే. ఆర్చి కింద మధ్యలో పైకి పీల్చుకుపోయినట్టు ఒక గుంట ఉంటుంది, బొడ్డులాంటిది, ఎనిమిది మీటర్ల పైన దాని కొస. దాని కింద నిలబడితేనే మనిషి పదిమందై సాగిపోయి కనిపిస్తాడు. డెబ్బై ఏళ్ల మనిషి కోటుతో సహా పడుకుని దాన్ని చూస్తుంటే సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు, పడిపోయాడనుకుని. "సర్, ఆర్ యూ ఓకే?" నాన్న పడుకునే, "వెరీ గుడ్ బఫింగ్" అన్నాడు. అమ్మ అటు తిరిగిపోయి, మాకూ ఆవిడకీ ఏ సంబంధం లేనట్టు నిలబడింది. నేను సారీ చెప్తుంటే అతను నవ్వి, చాలామంది పడుకుంటారులే అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

కింది భాగం, మనిషి చేతికి అందే ఆరడుగులూ, రోజుకి రెండుసార్లు తుడుస్తారట. ఏడాదికి రెండుసార్లు మొత్తం కడుగుతారు, బట్టలుతికే టైడ్ లిక్విడ్‌తోనే, ఒక్కోసారికి 150 లీటర్లు. ఈ ఒక్క విషయం అమ్మకి నచ్చింది.

పులిహోర తినడానికి బెంచీ చూసుకుని కూర్చున్నాక అమ్మ అడిగింది, "ఇంతకీ చేసిందెవరు?"

"అనీష్ కపూర్ అని."

"కపూర్ అంటే సినిమావాళ్లా?"

కాదు. 1954లో బొంబాయిలో పుట్టాడు. తండ్రి నేవీలో పనిచేసిన పంజాబీ, తల్లి బాగ్దాద్ నుంచి వచ్చిన యూదుల కుటుంబం. డెహ్రాడూన్‌లో డూన్ స్కూలు. 1971లో తమ్ముడితో ఇజ్రాయెల్ వెళ్లి కిబ్బుట్జ్‌లో, అంటే అందరూ కలిసి పనిచేసుకుని బతికే ఊళ్లో, ఉన్నాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరి లెక్కలు పడక ఆరు నెలలకి మానేశాడు. ఇక్కడ నాన్న ముద్ద ఆపి, "వాళ్ల నాన్న ఊరుకున్నాడా?" అన్నాడు. ఏమో మరి. 1973లో లండన్ వెళ్లి ఆర్ట్ కాలేజీలో చేరాడు, ఇక అక్కడే ఉండిపోయాడు. 1979లో ఇండియా వచ్చినప్పుడు గుళ్ల దగ్గర రాశులు పోసి అమ్మే రంగుపొడులు చూసి వెళ్లి, నేల మీద కుప్పపోసినట్టుండే బొమ్మలు చేశాడు, ఎర్రవి, పసుపువి, పైన అంతా పొడి రంగు. పేరు వచ్చింది వాటితోనే. "కుంకుమ రాశులా?" అంది అమ్మ. అవును, దాదాపు అవే. మన గుడి ముందు కొట్లలో రోజూ చూసేవే, మనం పావుకిలో కట్టించుకుని వచ్చేస్తాం.

1990లో వెనిస్ బినాలే అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనకి బ్రిటన్ తరఫున ఆయన్నే పంపారు, మరుసటేడు అక్కడ కళాకారులకిచ్చే టర్నర్ ప్రైజ్. 2002లో లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం హాలంతా పట్టేలా దాదాపు 150 మీటర్ల పొడవున ఎర్రటి గుడ్డ బాకా కట్టాడు. 2012 ఒలింపిక్స్‌కి లండన్‌లో 114 మీటర్ల స్టీలు టవరు. 2012లో మనవాళ్లు పద్మభూషణ్ ఇచ్చారు, 2013లో బ్రిటన్ వాళ్లు సర్ బిరుదు ఇచ్చారు. ఇండియాలో మొదటి పెద్ద ఎగ్జిబిషన్ మాత్రం 2010లో గానీ జరగలేదు, అప్పటికి ఈ బీన్ పెట్టి నాలుగేళ్లు దాటింది.

"అయితే మనవాడే" అంది అమ్మ. అదే గొడవ. ఆయనకి ఇండియన్ ఆర్టిస్ట్ అనే ముద్ర నచ్చదు. ఇంతకుముందైతే నాకు ఇలాంటి మాట వింటే ఒళ్లు మండేది, పేరు రాగానే ఊరు మర్చిపోయాడని. ఇండియానాలో తొమ్మిదేళ్లయ్యాక అంత ఖచ్చితంగా అనలేకపోతున్నాను. ఆఫీసులో ఎవరైనా నేను రాసిన కోడ్ గురించి కాకుండా దీపావళి గురించే అడుగుతుంటే వచ్చే చిరాకు ఏదో నాకూ తెలుసు. అలాగని ఆయన వలసని దులిపేసుకున్న మనిషీ కాదు. 2015లో శరణార్థుల కోసం చైనా కళాకారుడు ఐ వెయివెయితో కలిసి భుజాన దుప్పటి వేసుకుని లండన్‌లో ఎనిమిది మైళ్లు నడిచాడు.

నచ్చనివీ ఉన్నాయి. వాంటాబ్లాక్ అని, మీద పడ్డ వెలుగుని దాదాపు అంతా మింగేసే నలుపు ఒకటి కనిపెడితే, కళాకారుల్లో తనొక్కడే వాడేట్టు 2016లో హక్కు రాయించుకున్నాడు. దానికి కోపమొచ్చి ఇంకో బ్రిటిష్ ఆర్టిస్ట్ గులాబీ రంగు తయారుచేసి, కపూర్‌కి తప్ప అందరికీ అమ్ముతానన్నాడు. పెద్దవాళ్లు చేసే పనేనా ఇది? ఇంకోటి, గదిలో నేల మీద గుండ్రంగా నల్లరంగు పూసినట్టు కనిపించే గొయ్యి చేశాడు, నిజంగా రెండున్నర మీటర్ల లోతు. 2018లో పోర్చుగల్‌లో ఒకాయన అది గొయ్యో రంగో తెలీక అందులో పడ్డాడు. నాన్న పొలమారేలా నవ్వి, "బారికేడ్ పెట్టుండాల్సింది" అన్నాడు.

తర్వాత చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, "ఇవన్నీ ఆయన చేత్తో చేసినవి కాదు కదా?"

కాదు. ఆకారం ఆయనది. స్టీలు పని ఫ్యాబ్రికేటర్లది.

"డ్రాయింగ్ ఆయనది" అన్నాడు నాన్న, తనలో తనే. "మరి బఫింగ్ చేసినవాళ్ల పేర్లు ఎక్కడన్నా రాశారేమో చూడమ్మా."

చుట్టూ తిరిగి చూశాం. మాకేమీ కనపడలేదు. ఆయన ఏమీ అనలేదు. బాలానగర్‌లో కూడా ట్యాంకు మీద కంపెనీ ప్లేటే ఉంటుంది, వెల్డరు పేరుండదు. చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డుకి వెళ్తే, చివరి పాలిష్ అయ్యాక ట్యాంకు పొట్టలో నా మొహం వెడల్పుగా కనపడి నవ్వొచ్చేది, నాన్న మరకలు పడతాయని చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఇక్కడ ఇంతమంది చేతులు పెడుతుంటే ఆయన చూస్తూ కూర్చున్నాడు. ఒక పిల్లాడు నాలుకతో నాకాడు కూడా.

మిగతా రోజు గురించి రాయడానికి పెద్దగా లేదు. లేక్ దగ్గర గాలికి అమ్మ పళ్లు కటకటలాడాయి, డీప్ డిష్ పిజ్జా అని ఒకటి తిన్నాం, మూడు ముక్కలకే ముగ్గురికీ కడుపు నిండింది, బిల్లు చూశాక నిండిన కడుపు కూడా మండింది. ఇండియన్ కొట్లుండే డెవాన్ అవెన్యూ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా.

ఇంటికి వచ్చాక ఫోటోలు చూస్తే ఒక్కదాంట్లోనూ నాన్న కెమెరా వైపు లేడు. అన్నిట్లో వీపే. స్టేటస్ పెట్టుకోడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదని అమ్మ గొణిగింది. ఆయన మాత్రం అందులోంచి ఒకటి తీసి, వాళ్ల పాత షెడ్డు గ్రూపులో పెట్టాడు, కింద "168 ప్లేట్లు. జాయింట్ దొరకలేదు" అని రాసి. అప్పటికి ఇండియాలో తెల్లవారింది. రాత్రి పదకొండున్నరకి మా గది తలుపు కొట్టాడు.

"అమ్మాయ్, పడుకున్నావా? స్టీలు ఏ గ్రేడో అడుగుతున్నారు. 304ఆ, 316ఆ?"