పాలు విరిగిపోవా?

2024 జనవరి 25. మలేషియా మనవాళ్లకు వీసా అక్కర్లేదని అని రెండు నెలలు కూడా కాలేదు. ఆ సందట్లో టికెట్ కొనేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. కౌలాలంపూర్‌లో దిగాక తెలిసింది, ఆ రోజు తైపూసం అని. తమిళుల తై నెలలో పూసం, అంటే మన పుష్యమి నక్షత్రం నాటి పండగ. తెల్లవారకముందే కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కి, సుబ్రహ్మణ్యస్వామి గుహాలయం ఉన్న బటు కేవ్స్‌లో దిగాను. దిగాను అనడం కంటే జనం దించేశారనాలి.

ఎదురుగా 140 అడుగుల బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి. పక్కనే గుహలోకి రంగురంగుల మెట్లు, 272. ఉరుమి మేళాల మోతలో ‘వేల్ వేల్’ అంటూ స్వామి శూలం పేరుతో కేకలు. బుగ్గల్లో శూలాలు గుచ్చుకున్నవాళ్లను నోరు తెరుచుకుని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

తొమ్మిది కావస్తుండగా ఎవరో మోచెయ్యి తట్టారు. అరవై దాటిన జపాన్ ఆయన. హొక్కయిడోలో పాడిరైతట. నన్ను ఇక్కడివాణ్ననే అనుకున్నారు. శూలాల గురించి అడుగుతారేమో అనుకున్నాను.

“ఆ కుండల్లో పాలేనా? ఈ ఎండలో ఇంతసేపు మోస్తే విరిగిపోవా?”

ఏం చెప్పను? తెలిసిందేదో చెబుదామని కావడి కథ ఎత్తుకున్నాను. అగస్త్యుడి మాట మీద ఇడుంబుడనే రాక్షసుడు రెండు కొండల్ని కర్రకు చెరోవైపు కట్టి మోసుకొస్తూ పళని దగ్గర దించాడు. మళ్లీ ఎత్తబోతే కదల్లేదు. చూస్తే కొండమీద పిల్లాడి రూపంలో కుమారస్వామి! మా ఊళ్లో చెరువు నీళ్లు మోసే కావడి గుర్తొచ్చి, భుజం వంచి మరీ చూపించాను. ఆయన మొహం వెలిగింది. వాళ్ల నాన్న పాలు అలాగే మోసేవారట. ఇంకేం, మళ్లీ పాల దగ్గరికే వచ్చారు.

పక్కనే పసుపు చీరలో ఒకమ్మాయి, నెత్తిన పాలకుండ. సినిమాల్లో నేర్చిన తమిళంలో అడిగాను. జాలిపడి ఇంగ్లీషులోనే చెప్పింది. ఏటి ఒడ్డున స్నానం చేశాక ఆరింటికి పోసుకున్నారట. “ఎండెక్కితే కష్టమనే కదా అప్పుడే బయల్దేరాం!”

ఈయన ముక్కు కుండ వైపు వెళ్లడం చూసి చెయ్యి పట్టుకుని లాగేశాను. దేవుడికి పెట్టకముందు వాసన చూడకూడదని ఎలా చెప్పాలో తెలియలేదు. “ముందు ఆయన, తర్వాత మనం” అని పైకి చూపించాను. అర్థమైంది. చేతులు వెనక్కి కట్టుకుని ఆ అమ్మాయి వెనకే మెట్లెక్కారు. కోతులు అడ్డొచ్చినా, నాకు ఆయాసం వచ్చినా ఆగలేదు.

గుహలో చల్లగా ఉంది. కుండలోని పాలు అభిషేకానికి అందించి ఆ అమ్మాయి ఖాళీ కుండతో వెనక్కి వచ్చింది. నుదుట విభూతి. ఆయన్ని చూసి నవ్వి, కుండ ఆయన ముందుకు వంచింది.

వంగి వాసన చూశారు. కళ్లు మూసుకుని ఇంకోసారి చూశారు.

“విరగలేదు” అన్నారు.

“మరి, ఆవు పాలా, గేదె పాలా?”