ఎడమంటే ఎటు?

నిన్న సాయంత్రం మా ఇంటి ముందు సర్వీసు రోడ్డుకి తారు వేశారు. ఆ వాసన ఇంకా గదుల్లోంచి పోలేదు. మూడేళ్లుగా ఈ రోడ్డు కాగితాల వెంట పడి తిరిగినవాణ్ణి, జరిగింది మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. ఏ జాతీయ రహదారో, ఏ ఊరో మాత్రం రాయను. నా పరిహారం గొడవ ఇంకా ఆర్బిట్రేటర్ దగ్గర నడుస్తోంది.

నాలుగు వరుసల రోడ్డుని ఆరు వరుసలు చేస్తారన్న మాట ముందు పేపర్లో వచ్చింది. తర్వాత డ్రోన్ ఎగిరింది. తర్వాత ఎవరో కుర్రాళ్లు మూడుకాళ్ల పరికరం పెట్టుకుని రెండ్రోజులు తిరిగారు. అడిగితే "సర్వే అండీ" అన్నారు, అంతే. ఊళ్లో రోజుకొక పుకారు. రోడ్డు మధ్య నుంచి ముప్పై మీటర్లని ఒకడు, నలభై అయిదని ఇంకొకడు, అసలు ఊరి వెనక నుంచి బైపాస్ అని మరొకడు.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. పుకార్లు నాకు పడవు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. అందులో ఒక చిన్న తెలివి చూపించాను, అదైతే ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. "మా ఊరి దగ్గర రోడ్డు ఎంత వెడల్పు చేస్తారు?" అని అడిగితే "ఇంకా ఖరారు కాలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ప్రశ్నలేమీ వేయలేదు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా "వైడెనింగ్ స్కీమ్" పట్టిక నకలు ఇవ్వండి అన్నాను. ప్రశ్నకి జవాబు దాటేయొచ్చు, ఉన్న కాగితం దాచడం అంత తేలిక కాదు. ముప్పై రోజుల గడువుకి మూడు రోజుల ముందే నాలుగు పేజీలు పోస్టులో వచ్చాయి.

ఆ నాలుగు పేజీలే నా కొంప ముంచాయి.

రోడ్డు వెడల్పు చేసే పద్ధతులు రెండు. మధ్య గీత కదలకుండా రెండు పక్కలా సమానంగా పెంచితే కాన్సెంట్రిక్ అంటారు. పాత రోడ్డుని ఉన్నచోటే ఉంచి కొత్త వరుసలన్నీ ఒకే పక్కకి తోసేస్తే అది ఎక్సెంట్రిక్. ఊళ్లు తగిలేచోట రెండో పద్ధతి వాళ్లకి సుఖం. పాత రోడ్డు మీద బళ్లు నడుస్తుంటే పక్కన కొత్తది వేసుకోవచ్చు, గొడవ కూడా ఒక పక్కవాళ్లతోనే తేలిపోతుంది. మా ఊరి దగ్గర పట్టికలో స్పష్టంగా ఉంది: "ఎక్సెంట్రిక్, ఎల్‌హెచ్‌ఎస్". అంటే లెఫ్ట్ హ్యాండ్ సైడ్. ఎడమ పక్క.

మా ఊళ్లో ఎడమ పక్క ఏదో చంటిపిల్లాడికి కూడా తెలుసు. టౌన్లో బస్సెక్కి ఇంటికొస్తుంటే ఎడమ చేతివైపు వచ్చేది. కండక్టర్లు "ఎడమ పక్క దిగేవాళ్లు రండి" అనేది ఆ లెక్కనే. ఆ పక్క మా బాబాయ్ ఇల్లు, పాల కేంద్రం, రామాలయం. కుడి పక్క నా ఇల్లు, ఇంకో పది ఇళ్లు.

ఆ సాయంత్రమే రామాలయం అరుగు మీద పట్టిక పరిచి అందరికీ వివరంగా చెప్పాను. మా పక్కవాళ్ల ముఖాలు వెలిగాయి. బాబాయ్ మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఒరే అబ్బాయ్, సరిగ్గా చూశావా? రేపు స్లాబు వేయిస్తున్నాను" అన్నాడు. "బాబాయ్, కాగితం మీద ఉన్నదే చెబుతున్నా. ఆపెయ్యి" అన్నాను. ఆపేశాడు. కొడుక్కి పైన వాటా కట్టిద్దామని లేపిన పిల్లర్లు వానాకాలమంతా నెత్తిన ఊచలతో అలాగే నిలబడి తుప్పు పట్టాయి. ఇటు నేను, ఇంక మన జోలికి ఎవడొస్తాడని, ఎప్పట్నుంచో అనుకుంటున్న ప్రహరీ కట్టించాను. వాకిట్లో టైల్స్ కూడా పరిపించాను.

ఆ తర్వాత పేపర్లో ప్రకటన పడింది. ఇక్కడ కొంచెం చట్టం చెప్పాలి. జాతీయ రహదారుల చట్టం 1956 నాటిది. ముందు "3 స్మాల్ ఏ" కింద భూసేకరణ అధికారిని నియమిస్తారు. "కాలా" అని అందరూ పిలిచేది ఆయన్నే. తర్వాత "3 క్యాపిటల్ ఏ" కింద ఏయే సర్వే నంబర్లలో ఎంతెంత కావాలో గెజిట్లో వేసి, రెండు పేపర్లలో ప్రకటిస్తారు. అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. దానికి 21 రోజుల్లో 3సీ కింద అభ్యంతరం పెట్టుకోవచ్చు. పెట్టినవాళ్లని పిలిచి వినాలి కూడా.

మా ప్రకటన ఆవగింజంత అక్షరాల్లో పేజీ నిండా పడింది. నేను భూతద్దం పెట్టుకుని చదివాను. ఏం చదివాను? బాబాయ్ సర్వే నంబరు కోసం వెతికాను. కనబడలేదు. పాల కేంద్రం నంబరు కోసం వెతికాను. అదీ లేదు. "ఇది మొదటి జాబితా బాబాయ్, మీది రెండోదాంట్లో వస్తుంది" అని ఆయనకి ధైర్యం చెప్పి పేపరు మడిచిపెట్టాను. నా నంబరు వెతకాలన్న ఆలోచనే రాలేదు. అది ఆ పేజీలోనే, మూడో నిలువు వరుసలో, నడిమధ్యన ఉంది.

ఇరవై ఆరో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటుంటే మా కొత్త ప్రహరీ మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు కనిపించింది. గేటు లోపల, టైల్స్ మధ్య సందులో మేకు దిగేసి ఉంది. బయట మండల సర్వేయరు, వీఆర్వో, టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు, వాళ్ల చుట్టూ సగం ఊరు.

"బాబూ, మీరు పొరపాటు పడ్డారు. విస్తరణ ఎడమ పక్క. అదుగో, అటు" అన్నాను, మాస్టారి గొంతుతో.

"ఇదే ఎడమ పక్కండి" అన్నాడా కుర్రాడు.

లోపలికెళ్లి పట్టిక తెచ్చాను. వేలు పెట్టి చూపించాను. అతను మర్యాదస్తుడు, నవ్వలేదు. నన్ను రోడ్డు అంచుకి తీసుకెళ్లాడు. మా బస్టాపు దగ్గర ఒక చిన్న రాయి ఉంటుంది. దాని మీద 6 అని అంకె. బస్సు కోసం ఎదురుచూస్తూ ముప్పై ఏళ్లు ఆ రాయి మీదే కూర్చున్నాను. "సార్, ఆ 8 రాయి ఎటుంది?" అన్నాడు. టౌను వైపు చూపించాను. "4 రాయి?" ఇటు వైపు. "మరి కిలోమీటర్లు ఎటు పెరుగుతున్నాయి? అటు తిరిగి నిలబడండి." నిలబడ్డాను. "ఇప్పుడు మీ ఎడమ చెయ్యి ఎత్తండి."

ఎత్తాను. నా చెయ్యి మా ఇంటిని చూపిస్తోంది.

పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి అందరికీ తెలుసు. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య రెండొందల మీటర్లకొకటి చొప్పున 2, 4, 6, 8 అని చిన్న రాళ్లుంటాయి, వాటినెవరూ పట్టించుకోరు. మేకల్ని కట్టేసుకుంటారు. రోడ్డు కాగితాల్లో ఎడమా కుడీ నిర్ణయించేది ఆ అంకెలు పెరిగే దిక్కు. బస్సు దిక్కు కాదు, ఊరి అలవాటు కాదు. పిల్లలకి సంఖ్యారేఖ నేర్పి జీతం తీసుకున్నవాణ్ణి, నా కింద ఉన్న సంఖ్యారేఖ నాకు కనబడలేదు. ఎత్తిన చెయ్యి దించడం కూడా మర్చిపోయి నిలబడ్డానట. మా ఆవిడ తర్వాత చెప్పింది.

అంతటితో అయిపోతే బాగుండేది. వీఆర్వో ప్రహరీని తట్టి చూశాడు. సిమెంటు పచ్చిరంగు ఇంకా పోలేదు. "మాస్టారూ, పరిహారం వస్తుందని కట్టించారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు కూడా నవ్వారు. "కాదు, రాదని కట్టించాను" అంటే ఇంకా గట్టిగా నవ్వారు. ఫొటోలు తీసుకున్నారు. కొలతల పుస్తకంలో "కొత్త కట్టడం" అని రాసుకున్నారు. ఆ రెండు మాటల దెబ్బకి తర్వాత ఎనిమిది నెలలు ఇటుక బిల్లులు, సిమెంటు బిల్లులు, మేస్త్రీ సంతకాలు పట్టుకుని తిరిగాను, 3ఏ ప్రకటనకి ముందే కట్టానని రుజువు చేయడానికి. బాబాయ్ ఆ రోజు గేటు దగ్గరికి రాలేదు. వాళ్ల అరుగు మీంచి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే కాంక్రీటు మిల్లరు చప్పుడు వినిపించింది.

ఆఫీసుకి పరిగెత్తాను. అక్కడి గుమాస్తా క్యాలెండరు మీద వేలితో లెక్కపెట్టి, "ఇరవై ఏడో రోజు. గడువు దాటింది" అన్నాడు. "పేపరు చదవరా మాస్టారూ?" చదివానన్నాను. "మరి మీ నంబరు చూసుకోలేదా?" దానికి నా దగ్గర జవాబు లేదు. అభ్యంతరం కాగితం తీసుకోడు, తీసుకోనని రాసివ్వడు. మూడుసార్లు తిప్పాడు. చివరికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. మీకు చెప్పేది ఒకటే: కిటికీ దగ్గర ఎవరి చేతికీ కాగితం ఇవ్వకండి. పోస్టాఫీసు రసీదుకి ఉన్న విలువ ఆ మనిషి మాటకి లేదు.

నిజానికి గడువులో పెట్టినా పెద్దగా ఒరిగేది కాదేమో. 3సీలో అడగాల్సింది ఆ భూమిని ఆ పనికి వాడటం గురించి. "రేటు చాలదు" అని రాస్తే దాన్ని పక్కన పెట్టేస్తారు, రేటు సంగతి తర్వాత పరిహారం తేల్చే 3జీలో. కానీ మా పక్క పది ఇళ్లవాళ్లూ నా మాట నమ్మి ఊరుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. వాళ్లది తప్పని నేననను.

3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డీ, అంటే భూమి తీసుకుంటున్నామన్న ఖరారు ప్రకటన, రాకపోతే మొత్తం రద్దయిపోతుంది. కొందరు ఆ ఆశతో రోజులు లెక్కపెట్టారు. పదకొండో నెలలో వచ్చింది. 3డీ గెజిట్ పడిన క్షణం నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది, డబ్బు చేతికి రాకపోయినా సరే. ఈ ముక్క విని మా ఆవిడ ఆ రోజు వాకిట్లో ముగ్గు వేయలేదు.

ఉమ్మడి కొలతలు, చెట్ల లెక్క, కట్టడాల విలువ మామూలుగానే జరిగాయి. చెట్లకి ఉద్యానశాఖ వాళ్లు, గోడలకి ఆర్ అండ్ బీ వాళ్లు.

పరిహారం లెక్క 2013 భూసేకరణ చట్టం ప్రకారం కడతారు. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఒకటి. రెండింట్లో ఏది ఎక్కువైతే అది. పల్లెల్లో దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. ఆపైన అంతే మొత్తం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి పోయినందుకు ఇచ్చే ఓదార్పు సొమ్ము, ఏడాదికి 12 శాతం చొప్పున అదనం. ఇది మనకి ఊరికే రాలేదు. 1997 సవరణ తర్వాత 2014 చివరిదాకా హైవేల కింద భూమి పోయినవాళ్లకి సొలేషియమే లేదు. అది అన్యాయమని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. మా ఊళ్లో ఈ తీర్పు సంగతి మొదట చెప్పింది నేనే. అది మాత్రం తప్పు చెప్పలేదు. పరిహారం మీద ఆదాయపు పన్ను ఉండదని కూడా నేనే చెప్పాను, అదీ నిజమే. అయినా ఇప్పుడు నేనేం చెప్పినా ఊళ్లో ఇంకొకర్ని అడిగి రూఢి చేసుకుంటున్నారు.

నా గొడవ వేరే. నాన్నగారు ఇల్లు కట్టి నలభై ఏళ్లయింది, రికార్డులో మాత్రం అది ఇంకా "మెట్ట". ఇంటి స్థలానికి మెట్ట భూమి రేటు కట్టారు. అందుకే 3జీ అయిదో సబ్ సెక్షన్ కింద ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాను. అవార్డు డబ్బు, అంటే అధికారి ఖరారు చేసిన పరిహారం, తీసుకోనని మొండికేయకండి, తీసుకున్నా ఎక్కువ కోసం అడగొచ్చు. తీసుకునేటప్పుడు మాత్రం కాగితం మీద "అభ్యంతరంతో" అని మీ చేత్తో రాయండి. హైవే పక్కన ఇల్లున్నవాళ్లు ఈ వారమే వెళ్లి మీ స్థలం రికార్డులో ఏమని ఉందో చూసుకోండి. ఈసీ, పాస్‌బుక్కు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు ఇప్పుడే తీసి పెట్టుకోండి. అన్నదమ్ములు ఉమ్మడిగా ఉంటే అందరి సంతకాలూ కావాలి, ఆ బాధ నేను పడలేదు గానీ పడినవాళ్లని చూశాను.

డబ్బు నేరుగా ఖాతాలో పడింది. అరవై రోజుల నోటీసు ఇచ్చి ప్రహరీ కొట్టేశారు. టైల్స్ కొన్ని పగలకుండా తీసి దాచాను.

ఇప్పుడు పని జోరుగానే సాగుతోంది. మట్టి, కంకర, వెట్ మిక్స్, తారు, ఒక్కో పొర ఎప్పుడు పడిందో తారీఖులతో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఊరి దగ్గర మీడియన్ గ్యాప్, అంటే డివైడర్ మధ్య దాటే సందు, మూసేశారు. అండర్‌పాస్ ఎక్కడొస్తుందన్నది కొత్త తగువు. పట్టికలో కిలోమీటర్లు రెండు రకాలు, పాత లెక్కదొకటి, డిజైన్‌దొకటి. మధ్యలో మలుపులు సరిచేశారు కాబట్టి రెండూ కలవవు. కుర్రాళ్లొచ్చి "మాస్టారూ, బడి దగ్గరా, చెరువు దగ్గరా?" అని అడిగారు. చూసి చెబుతానన్నాను. రెండు వారాలైంది, ఇంకా చెప్పలేదు.

పాత రాళ్లన్నీ పీకి చెత్తలో పారేశారు. 6 అంకె రాయిని బాబాయ్ మనిషి చేత మోయించుకెళ్లి, పెరట్లో పంపు దగ్గర బట్టలుతుక్కోవడానికి వేయించాడు. మొన్న కాఫీకి పిలిస్తే వెళ్లాను. పిన్ని దాని మీద దుప్పటి ఉతుకుతోంది. బాబాయ్ రాయి వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. పంచదార సరిపోయిందా అని అడిగాడు.